మోహనలో దెయ్యం

వారపత్రికలో ఆ కథ నడిచినన్నాళ్ళూ
పొద్దుగూకాక పాలకొల్లులో ఎవరూ గడప దాటలేదట.
పేర్రాజుగారు దానికి ముప్పయ్యారు పద్యాలు కట్టి
నన్ను దెయ్యాన్ని చేశారు.

రైసుమిల్లు కప్పీ, పడవ తాడు,
మల్లుపంచెలు రెండు కలిపి కుట్టిన తెల్లచీర.
లాకుల్లో మునిగి చచ్చినదాన్ని,
మోహనలో రాగం తీస్తూ ఎగరాలి.

ఎగిరాను.
సగంలో కప్పీ బిగిసింది.
మూడో వరస మీద వేలాడుతూ
"ఎవడురా నన్ను ముంచినవాడు" అని ఎత్తుకుంటే
కింద ఓ పిల్లాడు
కొరుకుతున్న మామిడితాండ్ర పైకి చాపాడు.

ఇక ఆగలేదు నవ్వు.
హంతకుడు గుండాగి చచ్చే ఘట్టానికి వన్స్‌మోర్ కొట్టారు.
అలవాటుకొద్దీ లేచి
మళ్ళీ చచ్చాడు గనిరాజు, పాపం.

రెండో రాత్రి నలభైమంది.
మూడో రాత్రి అప్పులవాడొచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు.
మంగళం దాకా మర్యాదగా ఆగి
హార్మోనియం చంకనెత్తుకుపోయాడు.

ఇప్పుడెవర్ని కదిపినా
మొదటి రాత్రి అక్కడే ఉన్నామంటారు.
మూడొందల కుర్చీల హాలది.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు.
పైన ఉన్న ఆ పావుగంటా
కింద తెరుచుకున్న నోళ్ళన్నీ
లాకుల దగ్గర సుడి తిరిగే నీళ్ళలా కనిపించాయి.
మునిగిందానికి ఎలా ఉండుంటుందో
అప్పుడే కాస్త తెలిసింది.

శ్రుతి తప్పలేదు.
అది ఎవరూ వినలేదు.