ముప్పై కౌంటు

చెముడుగుంట జైల్లో రెమిషన్ సెక్షన్‌కు
కిటికీ ఒకటే. దాని కింద బల్ల నాది.
బుచ్చిరెడ్డిపాళెం సొసైటీ పుస్తకాల్లో
బ్లేడు మొనతో అంకెలు గీకినందుకు ఆరేళ్లు పడ్డవాణ్ణి,
ఇక్కడ అందరి రోజులూ నేనే కూడతాను.
నవ్వొస్తే నవ్వండి. జైలరూ నవ్వాడు,
నవ్వి, బీరువా తాళంచెవి చేతిలో పెట్టాడు.

ఇవాళ పామంజి దేసయ్య హిస్టరీ టికెట్ వచ్చింది.
ఇస్కపల్లి మనిషి. కాలవ నీళ్ల కాడ
ఒకే ఒక్క కట్టె దెబ్బకు వచ్చినవాడు.
పెరోల్ ముప్పై రోజులు.
తిరిగొచ్చింది డెబ్భై ఒకటో నాడు,
తనంతట తనే, అల్లూరు బస్సు దిగి,
గేటు దగ్గర సెంట్రీకి దండం పెట్టి
"ఆలీశమైంది సామీ" అన్నాడంట,
ముహూర్తం దాటాక పెళ్లికొచ్చిన చుట్టంలాగా.

నియమం చిన్నదే. చదివి వినిపించాను.
బయట గడిపిన ముప్పై శిక్షలోకి రావు.
మీరిన నలభై ఒకటీ రావు.
మీరిన ఒక్కో రోజుకూ ఐదేసి రోజులు
సంపాదించుకున్న మాఫీలోంచి కోత.
మగ్గాల షెడ్డులో, వంటశాల పొగలో,
ఎవరేమన్నా తల వంచుకున్న మంచి నడతలో
నెలకిన్నని పోగేసుకున్నవి రెండు వందల పన్నెండు.
రెండు వందల ఐదు పోయాయి.
మిగిలింది ఏడు.
జూన్ మూడున పోవాల్సినవాడు
మార్చి ఆరున పోతాడు. వచ్చే ఏడు మార్చి.

"ఎందుకు నిలబడిపోయినావు దేసయ్యా?"

"గుంట అన్నా. ఆ గుంట వదిలి ఈ గుంటకు రాలేకపోయినా.
మునెమ్మ ఒక్కతే పోసింది సీడు. నేను పొయ్యేటప్పటికి
అరవై రోజుల పంట. నా గడువు తీరిన నాడు
వల ఇసిరి చూస్తే యాభై కౌంటు.
యాభైకి వాళ్లిచ్చే రేటు డీజిలుకే సాలదు.
ఇంకో వారం అనుకున్నా. నలభై నాలుగు.
ఇంకో వారం.
రేతిరి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి,
నీళ్లలో గాలి సచ్చిపోద్ది,
రొయ్యలన్నీ పైకొచ్చి నోళ్లు తెరస్తాయి.
ఇంజను తిప్పను ఒకరు, లైటు పట్టను ఒకరు.
ఇద్దరు కావాల అన్నా. ఒక్క మనిషితో అయ్యేది కాదు."

బల్ల మీద జానెడు చెయ్యి పరిచి
అందులో సగం కొలిచి చూపించాడు.
"కిలోకు ముప్పై తూగినాయి. ముప్పై కౌంటు!"
ఆ మాట అన్నంతసేపు అతను జైల్లో లేడు.

తర్వాత తనే అడిగాడు, "ఎన్నాళ్లు పెరిగినాయి నాకు, అన్నీ కలిపి?"
రెండు వందల డెబ్భై ఆరు.
వేళ్ల కణుపుల మీద చాలాసేపు నడిచి,
అప్పులు పోను మిగిలిన
మూడు లక్షల ముప్పై ఒక్క వెయ్యి రెండొందల్నీ
ఆ రోజులకు పంచిపెట్టి,
"దినానికి పన్నెండు నూర్లు పడిందన్నా" అన్నాడు.
"మన మగ్గం కూలి ఎంత?"
నాకు తెలుసు. చెప్పలేదు.

ఫారంలో నలభై ఒకటి రాసి ఉంది.
నాలుగు పక్కన ఒకటి. సన్నటి గీత.
అది లేకపోతే నాలుగు. నాలుగైదులు ఇరవై.
కాగితానికి నొప్పి తెలియకుండా అట్లాంటి ఒకటిని తీయడం
ఈ వేళ్లు మరిచిపోని పని.
గోరు ఆనించాను కూడా.

దేసయ్య నా గోరునే చూస్తున్నాడు.
"దాన్ని ఉండనియ్యి అన్నా.
అది తీస్తే, ఆ గుంట కాడ నేను
నాలుగు దినాలే ఉన్నట్టు గదా."

కలం మూత తీసి
ఆ ఒకటినే ఇంకొంచెం లావుగా దిద్దాను.
ఆరేదాకా ఊదాను.
అతను సంతకం పెట్టాడు,
పేరు చివర ఒక్క తోక, రొయ్య మీసమంత.

తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు.
"ఆ ఏడు దినాలు, మళ్లా పెరుగుతాయా?"
"మగ్గం తొక్కితే. నెలకు కొన్ని."
"అయితే సీడు మిగిలినట్టే."