పదకొండు మిల్లీమీటర్లు

కొత్తవి కొనాలంటే పన్నెండు వేలు.
డబ్బా మీద ఇటలీ పేరు, లోపల రెండు నల్ల ముక్కలు.
మా బండి మొత్తం ఖరీదే పద్దెనిమిది.
జుమేరాత్ బజార్ వెనక గల్లీలో
సీటు లేకుండా, ముందు చక్రం
గోనెసంచిలో వేసి ఇచ్చారు.

అందుకని బాలానగర్.
పెంటయ్య మామ లేత్ ముందు
నైలాన్ కడ్డీ తుంట పట్టుకుని నిలబడ్డాను.
రాణిగంజ్‌లో కిలో లెక్కన తూచి ఇచ్చింది.
"ఏం చేస్తది ఇది?"
"బండి పడ్డప్పుడు ఇంజన్ కంటే ముందు నేలకి తగలాలి మామా."
"అంటే అరగనీకే చేస్తున్నం."
"అవ్."
ముప్పై ఏళ్లుగా అరగనివే చేసిన మనిషి
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
కాసేపు ఆ తుంటనే చూశాడు.

తర్వాత చక్‌లో బిగించాడు.
నైలాన్ సేమ్యాలాగా తెల్లటి పోగులై
అతని చెప్పుల మీద పడింది.
మామ ఎడమచేతి చూపుడువేలు
మొదటి గణుపు దగ్గరే ఆగిపోతుంది.
నేను అడగలేదు.
మెషిన్‌కి అప్పట్లో గార్డు లేదని
తనే అన్నాడు, వెర్నియర్ తుడుస్తూ.

"పొడుగు వద్దు బిడ్డా.
పొడుగైతే రాయికి తట్టి
బండిని బొంగరం చేస్తది.
పొట్టిగైతే ఉండీ లేనట్టే.
బోల్టు మెత్తటిది ఏద్దాం.
అది వంగాలె. నీ ఛాసీ వంగొద్దు."

చాదర్‌ఘాట్‌లో ఇలియాస్
పదిహేను లీటర్ల నూనె డబ్బా కోసి
ఇంజన్ కింద తొట్టెలా కట్టాడు.
ఆయిల్ కారినా ట్రాక్ మీద పడకూడదు, రూలు.
డబ్బా మీది వేరుశనక్కాయ బొమ్మని లోపలికి తిప్పాడు,
"ఫుకట్‌లో పబ్లిసిటీ ఎందుకు?" అని.
డ్రెయిన్ బోల్టు తలకి సన్నటి బెజ్జం వేసి తీగ కట్టాలి.
మూడు డ్రిల్ బిట్లు విరిగాయి.
నాలుగోది దూరాక చాయ్ తెప్పించాడు.
విరిగిన మూడింటికీ డబ్బు తీసుకోలేదు,
నాలుగోదానికి తీసుకున్నాడు.

క్లచ్ కవర్‌కి మందపాటి రేకు కావాలి.
అదెక్కడ దొరికిందో అమ్మకి చెప్పలేదు.
మూత పోయిన అయిదు లీటర్ల కుక్కర్
అటక మీద నాలుగేళ్లుగా
ఏదో ఒకటి అవుదామని కూర్చుంది.

చెన్నై. రెండో ప్రాక్టీసు. మూడో మలుపు.
మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు
ముందు చక్రం.
తర్వాత ఆకాశం, మోచెయ్యి, ఆకాశం.
బండి నా ముందే పోతోంది, పక్కకి పడుకుని,
ఎక్కడో పని ఉన్నట్టు.
దాని వెనక తెల్లటి గీత,
సుద్దముక్కతో గీసినంత తిన్నగా.
నేనూ జారుతూనే ఆ గీతని చూస్తున్నాను.
గీత పడుతోందంటే నైలాన్ ఉంది.
నైలాన్ ఉందంటే ఇంజన్ ఉంది.
ఇది అప్పుడే అనుకున్నానో, తర్వాతో, చెప్పలేను.

మామ ఆ ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.
ఏటవాలుగా అరిగింది, వాడిన సబ్బు బిళ్లలా.
వెర్నియర్ పెట్టాడు. "పదకొండు మిల్లీమీటర్లు."
గోడ మీద, కరెంటు బిల్లుల మేకు పక్కన
పెన్సిల్‌తో రాసుకున్నాడు.
ఇంకోటి చెయ్యడానికి డబ్బు అడిగాడు, యాభై తగ్గించి.
"కుడిదిక్కుది?"
"కొత్తగనే ఉంది మామా."
"ఉండనీ," అన్నాడు.

ఇంటికి తెచ్చి మెట్ల కింద నిలబెట్టాను.
బట్టలు ఆరేయడానికి వెళ్తూ అమ్మ ఆగింది.
వంగి చూసింది.
రేకు మీద, గీతల మధ్య,
కుక్కర్ కంపెనీ ముద్ర ఇంకా సగం ఉంది.
వేలితో తడిమింది.
నా మోచేతి కట్టు వైపు చూడలేదు.
బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని
బండి చుట్టూ అటువైపుకి నడిచింది.
"మరి ఈ పక్కకేం పెట్టినవ్?" అంది.