మిహ్నా

హసావీలో, కార్గో కొట్టు పైన, నాలుగో అంతస్తు.
ఆరుగురికి మూడు జంట మంచాలు.
పైది నాది.
కూర్చుంటే కప్పు తలకు తగులుతుంది,
అందుకే పడుకునే రాస్తాను.

ఏం రాస్తానంటే,
ఈ పూట దినారు ఎంత పలికిందీ,
ఏ ఎక్స్ఛేంజీలో ఎన్ని ఫిల్సులు కోస్తారూ,
ఆకామా దాటిపోయినోళ్ళకు గడువు ఎప్పటిదాకా,
ఎండాకాలం పదకొండు నించి నాలుగు దాకా
బయట పని చేయించకూడదనే రూలు
ఏ మేస్త్రీకి చెప్తే వింటాడూ.

కొన్ని రోజులు రాసేదానికి ఏమీ ఉండదు.
అప్పుడు దుమ్ము గురించి రాస్తాను.
గాలి లేచిన మధ్యాహ్నం
మా కిటికీలో నారింజ రంగు తప్ప
ఊరే లేకుండా పోయిన సంగతి.
దానికెవరూ పైసా ఇవ్వరు.
దినారు రేటు కింద తన కొట్టు పేరు వేసినందుకు
కార్గో ఆయన నెలకు ముప్పై ఇస్తాడు.

పగలు షువైఖ్‌లో తలుపులకు గరుకు కాగితం పడతాను.
అది పనేనా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
నిరుడు ఓవర్‌టైమ్ మానుకున్నాను, ఇది రాసేదానికి.
ఇరవై ఐదు పోయింది, ముప్పై వచ్చింది.
లెక్క చెప్పినా రూములో ఎక్కలేదు.
"ఫోను గోకేదానికి దుడ్లిస్తారంటే
నా మేకలు గూడా సంపాదిస్తాయి గదప్పా"
అన్నాడు పెంచలయ్య.
వాడు జిప్సం బోర్డులు మోసి వస్తాడు,
రెప్పల మీద తెల్లపొడితో.
"పనంటే చెమట పట్టాల."
నా మెడ నొప్పి గురించి చెప్పబోయాను.
వాడి అరచేతులు చూసి ఊరుకున్నాను.

రాయచోటి నించి పెళ్ళిళ్ళ సుబ్బరామశెట్టి ఫోను.
పిల్లోడు ఏం జేస్తాడని చెప్పమంటావు?
అక్క నా చేతిలోంచి జవాబు లాక్కున్నట్టు
"ఫర్నిచర్ కంపెనీ" అంది.
అబద్ధం కాదు.
నిజం కూడా సగమే చెప్పుకుంటాం గదా, సంబంధాలప్పుడు.

ఒక శుక్రవారం ఓబులమ్మ వచ్చింది, రుమైతియా నించి
రెండు బస్సులు మారి.
నాలుగు నెలల జీతం ఆపేసిన ఇంట్లో పనిచేసిందంట.
నేను రాసింది ఎవరో చదివి వినిపించారంట,
ఏ ఆఫీసు, ఏ కిటికీ, ఏ కాగితం ముందు చూపాలో.
జీతం చేతికొచ్చింది.
ఖర్జూరాల డబ్బా నా దిండు మీద పెట్టి
రూమంతా ఒకసారి కలయజూసి అడిగింది:
"ఇదంతా రాసేది నువ్వేనా అబ్బయ్యా, సల్లగుండు.
ఇంతకూ పనేం జేస్తాండావు?"
అందరం నవ్వినాం. నేనూ నవ్వినాను.
ఆమెకు మాత్రం ఎందుకో అర్థం కాలేదు.

కార్డు మార్చుకునే రోజు వచ్చింది.
టైపింగ్ సెంటర్లో షంసుద్దీన్
తెర మీంచి కళ్ళు తీయకుండా, "మిహ్నా?"
వృత్తి.
జాబితా కిందికి జరుగుతోంది:
ఒంటెలు కాసేవాడున్నాడు,
చాయ్ పోసేవాడున్నాడు,
డేగలు సాకేవాడు, శవాలు కడిగేవాడు ఉన్నారు.
ఆపమన్నాను ఒకచోట.
కాతిబ్.
గుమాస్తా అన్నాడాయన.
రాసేవాడు కూడా అంతే గదా అన్నాను.
రెంటికీ ఒకటే మాట, అరబ్బీలో.
ఒక్క నిమిషం నా పేరు పక్కన దాన్ని పెట్టి చూసుకున్నాను,
కొత్త చొక్కా అద్దంలో చూసుకున్నట్టు.
"డిప్లొమా ఉందా? దానిమీద ఎంబసీ ముద్ర?
కఫీలు సంతకం చేస్తాడా?"
పాలిషరే ఉండనీ అన్నాను.

నాలుగు వరుసలు టైపు చేసినందుకు
ఒకటిన్నర దినారు తీసుకున్నాడు షంసుద్దీన్.
రసీదు కూడా ఇచ్చాడు.

రాత్రి కింది మంచం మీంచి పెంచలయ్య
చెక్కను మోకాలితో తట్టాడు.
"నిద్రపోతివా? ఆ దుమ్ముది రాసినావే, నారింజ రంగు,
మా ఇంటిదానికి పంపిచ్చినా.
నిజంగా అట్లే ఉంటాదా అని అడిగింది."
నువ్వేం చెప్పినావు?
చానాసేపు మాట లేదు.
"ఎప్పుడు జూసినా నేను?
ఆ పొద్దు బోర్డుల కిందుంటి గదా.
అట్లే ఉంటాదని జెప్పినా."