ఏడో అంతస్తు చిల్లర

మా లిఫ్టు చిల్లర తింటుంది.
పైకి పోవాలంటే ఇరవై తేత్రీలు,
దిగడం ఉచితం.
త్బిలిసీ ఊరి చివర, గ్ల్దానీలో,
యాభై ఏళ్ళ కింద కట్టిన ఈ బిల్డింగులో
ఏడో అంతస్తు మాది.
మాది అని అలవాటుగా అంటాను.
నాది.

తలుపు పక్కన స్టూలు మీద నీలం అంచు సాసరు.
దాని కప్పు ఎప్పుడో పగిలింది.
బయటికి వెళ్తూ అందులోంచి ఒక నాణెం తీసుకోవాలని
ఓతారీ పెట్టిన నియమం.
దిగేటప్పుడే ఎక్కే సంగతి చూసుకోవాలనేవాడు.
మెట్లున్నాయిగా, అనేదాన్ని నేను.

మెట్లు నూట పన్నెండు.
లెక్క నేర్పింది కిరోసిన్ డబ్బా.
కరెంటు లేని ఆ చలికాలాల్లో
ఒక చేత నీళ్ళు, ఒక చేత కిరోసిన్,
వీపున శాలువాతో కట్టుకున్న పిల్లాడు.
నాలుగో అంతస్తు మలుపులో అందరం ఆగేవాళ్ళం.
ఆనుకుని ఆనుకుని అక్కడ గోడకి
భుజమంత మరక పడింది.
ఎవరి భుజమని చెప్పలేం.
తర్వాత ఎవరో సున్నం వేశారు.

అప్పుడు నాకు అలసట అనే మాట తెలుసు,
అర్థం తెలియదు.
ఇప్పుడు సంచీలో అరకిలో వంకాయలు, ఒక రొట్టె.
అర్థం తెలిసింది,
మాటే ఒక్కోసారి గుర్తుకు రాదు.

ముప్పై నాలుగేళ్ళు బడిలో భూగోళం చెప్పాను.
నదుల పేర్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి.
మొన్న కొట్లో జల్లెడ అనే మాట రాక
గాల్లో వేలితో గుండ్రంగా గీసి చూపించాను.
ఆ అమ్మాయి బాణలి తెచ్చింది.
తీసుకున్నాను.
మంచి బాణలి.

పోయిన మే నెలలో
నాలుగుకీ ఐదుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది.
లోపల నేనూ, పై అంతస్తు తేక్లే.
తొమ్మిదేళ్ళది.
దీపం ఆరింది.
భయమా, అన్నాను.
మీకా, అంది.
నాకు భయం లేదు, ఐస్‌క్రీం కరిగిపోతోందన్నాను.
కింద చతికిలబడి
దాని స్కేలుతో తవ్వుకుని తిన్నాం,
ఒకసారి అది, ఒకసారి నేను.

"నాజీ బెబో, చిన్నప్పుడు కూడా మీరు ఇక్కడేనా?"
"అప్పుడీ బిల్డింగే లేదు."
"మరి ఇక్కడేముండేది?"
ద్రాక్షతోట అందామనుకున్నాను.
నిజానికి నాకు తెలియదు.
గాలి ఉండేది, అన్నాను.
సరిగ్గా మనం కూర్చున్న ఈ ఎత్తున, ఉత్త గాలి.
"అయితే పిట్టలు ఇందులోంచే వెళ్ళేవా?"
"వెళ్ళే ఉంటాయి."
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత చీకట్లో
గౌను సర్దుకుంటున్న చప్పుడు.
దేనికో దారి వదులుతున్నట్టు
కాస్త పక్కకి జరిగింది.

ఈ వారం మెకానిక్కులొచ్చి
చిల్లర డబ్బా ఊడబీకి పట్టుకుపోయారు.
ఇక మీదట కార్డట.
పెద్దవాళ్ళకి మాత్రం మెళ్ళో వేసుకోను తాడు కూడా ఇచ్చారు.
తాడు టమాటా మొక్కకి కట్టాను.
కార్డు పెడితే గీమని ఒక్క కూత కూసి
పైకి తీసుకుపోతుంది.
నాణెం లోపలికి జారి
గుటకేసినట్టు అయ్యే ఆ చప్పుడు లేదు.

సాసర్లో పదిహేడు నాణేలు మిగిలాయి.
పద్దెనిమిదోది నిన్న దొరికింది,
ఆసుపత్రివాళ్ళు సంచీలో పెట్టి ఇచ్చిన కోట్లో.
మూడేళ్ళుగా విప్పని సంచీ.
ఎందుకు విప్పానంటే, చిమటలకి.
లోపలి జేబులో, మడిచిన రుమాల్లో, ఇరవై తేత్రీలు.
ఆ రోజు దిగేటప్పుడు
ఎక్కడానికని పెట్టుకున్నాడు.

ఇవాళ దాన్ని గుప్పిట్లో పట్టుకుని
బజారుకెళ్ళి వచ్చాను. ఎక్కడా ఖర్చు చెయ్యలేదు.
లిఫ్టు కిందే ఉంది, తలుపు తెరిచే ఉంది.
అయినా మెట్లెక్కాను.
రెండో అంతస్తులో తిట్టుకున్నాను,
మూడులో ఓతారీని తిట్టాను.
నాలుగో మలుపులో సున్నం మీద భుజం ఆన్చి
ఊపిరి అందేదాకా నించున్నాను.
చూస్తే, చొక్కాకి తెల్లగా అంటుకుంది.

అక్కణ్ణించి లిఫ్టు పిలిచాను.
కార్డు కూసింది.
తలుపులు మూసుకున్నాయి.
నాలుగు దాటాక, ఐదు రాకముందు,
వంకాయల సంచీ రెండో చేతికి మార్చుకుని
కాస్త పక్కకి జరిగాను.