పిడికిలి

టాంపెరేలో డిసెంబరు. మూడు కొట్టేసరికి పొద్దు గుంకుతుంది.
హిల్కా పిన్నికి మోకాళ్ళ నొప్పులు, స్విచ్చేమో గదికి ఆ మూల.
అందుకని పుస్తకాల అర మీద ఓ కెమెరా పెట్టి
దానికి నా కుడిచేతిని నేర్పాను,
మొత్తం ఆరువందల ఫోటోలు.
అరచెయ్యి చూపిస్తే దీపం.
పిడికిలి బిగిస్తే చీకటి.
బొటనవేలూ చూపుడువేలూ సున్నా చుడితే పాట,
చెయ్యి ఎంత పైకి లేస్తే పాట అంత పైకి.

పాట ఆవిడకెందుకని అడగొద్దు.
పుట్టు చెవుడే కానీ, చెక్కనేల మీద
చెప్పుల్లేకుండా నిలబడి
డోలు దెబ్బని అరికాళ్ళతో తాగుతుంది.

మిట్టమధ్యాహ్నం పరీక్షించాను. కిటికీ నిండా మంచు వెలుగు.
అన్నీ పనిచేశాయి.
"నాలుగు మాటలొచ్చిన పసివాడు," అంది పిన్ని కెమెరాని చూసి.
అన్నదంటే, చేతులతోనే.

నాలుగింటికి రౌహా వచ్చింది, దాల్చినచెక్క బన్నులతో.
ఇద్దరిదీ ఒకే బడి.
సైగ చేస్తే చేతుల మీద కూర్చోబెట్టే బడి.
అక్కడ కిటికీ అద్దం పగలగొట్టిందెవరన్నది
అరవయ్యేళ్ళుగా తేలని తగువు.

రౌహా ఏదో అంది. పాట మొదలైంది.
పిన్ని కాదంది. పాట ఇంటికప్పు అంటింది.
కింది వాటా ఆయన చీపురుకర్రతో పొడుస్తున్నాడు,
ఆ చప్పుడు వినే పాపం నా ఒక్కడిదే.
"అబద్ధం" అనబోయిందో, "అద్దం" అనబోయిందో
పిన్ని పిడికిలి గాల్లో బిగిసింది.

చీకటి.

మాట సగంలో తెగింది, ఎవరో నోరు నొక్కినట్టు.
పాట మాత్రం హోరెత్తుతూనే ఉంది,
ఆపే సైగని చూసే దిక్కులేక.
అరచెయ్యి చూపించాను. మళ్ళీ చూపించాను.
చీకట్లో కెమెరాకీ కళ్ళుండవని
ఆరువందల ఫోటోల్లో ఒక్కసారీ తట్టలేదు నాకు.

తడుముకుంటూ, కుర్చీని తన్నుకుంటూ
ఆ మూల స్విచ్ వెయ్యగానే
రౌహా చేతుల్లో పిన్ని చేతులున్నాయి.
ఒకరి వేళ్ళ మీద ఒకరి వేళ్ళు
గబగబా, పిండి కలుపుతున్నట్టు, తగువాడుకుంటున్నాయి.
హాస్టల్లో దీపాలార్పేశాక
మంచాల సందులో నేర్చుకున్న భాషట. తర్వాత చెప్పారు.

అప్పటికి మాత్రం పిన్ని నాకేసి చూసింది,
తలుపు కొట్టకుండా లోపలికొచ్చినవాణ్ణి చూసినట్టు.
ఒక చెయ్యి విడిపించుకుని
కెమెరాకి ఎదురుగా పెట్టి
నిదానంగా
పిడికిలి బిగించింది.