మద్దెల ఓడు

కెమిలో జనవరి. మధ్యాహ్నం రెండింటికే వీధి దీపాలు.
కిటికీ అవతల సముద్రం గడ్డకట్టి
రోడ్డులా పడి ఉంది.

సైమికి పద్నాలుగేళ్లు, నా కూతురే.
"మూడో అంకం రెండు నిమిషాల్లో ముగించానని
ప్రతి క్రిస్మస్‌కీ చెప్తావు కదా,
చూపించు" అంది.

పాత స్కీ బూట్లలో దొరికింది ఫ్లాపీ.
చీటీ మీద నా పదహారేళ్ల చేతిరాత:
రికార్డు. ముట్టుకుంటే చంపుతా.

అందులో బొమ్మ లేదు, చప్పుడు లేదు.
ఏ క్షణాన ఏ మీట నొక్కానో, అంతే.
మిగతా లోకమంతా ఆట తనంతట తనే
మళ్లీ కట్టుకోవాలి:
గోడలు, గుమ్మాలు,
మూల మలుపులో కాచుకున్న కొమ్ముల భూతం.

కొత్త వెర్షన్‌లో పెట్టాం ముందు.
నీడలు నీళ్లలా కదిలాయి. నెత్తురుకి మెరుపొచ్చింది.
నేను వీరుడిలా దూసుకెళ్లి
జానెడు తేడాతో గుమ్మం తప్పి
గోడను గుద్దుకుని, గుద్దుకుంటూనే పరుగెత్తి,
ఎవరూ లేనిచోట ఎడాపెడా కాల్చి...
భూతం తీరిగ్గా నడిచొచ్చి నా పని ముగించింది.
సైమి నవ్వీ నవ్వీ
చేతిలో రై రొట్టె కింద పడేసుకుంది.

ఆడలేనివాడే మద్దెల ఓడంటాడు, తెలుసు.
కానీ ఒట్టు, ఈసారి మద్దెలే ఓడు.
ఎవరో పుణ్యాత్ముడు పాత తప్పొకటి దిద్దాడు.
నా పరుగంతా
ఆ తప్పు మీదే నిలబడి ఉంది.

రెయ్యోకి ఫోన్ చేశాను.
ఐస్‌బ్రేకర్ ఓడలో వంటవాడు,
వెర్షన్ల సంగతిలో నాడి పట్టే వైద్యుడు.
"మూసుకునే తలుపులో దెయ్యం నలిగితే
నీ ఆటలో అరిచేదా, ఊరుకునేదా?"
కళ్లు మూసుకుని విన్నాను, ముప్పై ఏళ్ల వెనక్కి.
"ఊరుకునేది."
"అయితే ఒకటి పాయింట్ నాలుగు.
దాని ముందుదీ కాదు, తర్వాతదీ కాదు."
వెనక ఏదో మాడుతున్నట్టుంది, పెట్టేశాడు.

ఒకటి పాయింట్ నాలుగు.
ఇటుకలంత చుక్కలు, బురద రంగు చీకటి.
అందులో నేను గుమ్మం తప్పలేదు.
భూతం తల తిప్పేలోపే దాని పక్కనుంచి జారిపోయాను.
సైమి రొట్టె నమలడం ఆపింది.

నీలి తాళం దాటాక, నడవలో,
నేను ఆగిపోయాను.
పదకొండు సెకన్లు.
తర్వాత ఖాళీ గోడకు ఒక గుండు.
మరొకటి.
ఆపైన వరసగా అయిదు.

"అక్కడేం చేస్తున్నావు నాన్నా?"

మెర్వి. నా చెల్లెలు. అప్పుడు అయిదేళ్లది.
తడిసిన ఉన్ని చేతితొడుగుల వాసనతో
నా మోచేతి కింద దూరి
"నాకూ, ఒక్కసారి" అంది.
కసిరాను. పోలేదు.
మీట మీంచి చెయ్యి తీశాను.

ఆ ఏడూ దాని వేలివి.
ఆటకు తెలియదు అది ఇంకొకరి వేలని.
మిగతా వెర్షన్లన్నిట్లో
ఆ పాటికే నేను చచ్చి పడి ఉంటాను,
అది ఎంత నొక్కినా తుపాకీ పలకదు.

మొత్తం మూడు నిమిషాల పది సెకన్లు.
సైమి గడియారం చూసింది, నన్ను చూసింది,
ఏమీ అనలేదు.
తన గదిలో తను ఆడుకునేది కొత్తదే,
మెరుపుల నెత్తురుది. ఆడుకోనీ.

మెర్వి ఇప్పుడు ఔలులో పళ్ల డాక్టరు.
నేను ఫోన్ చేస్తే చాలు,
"ఎవరు పోయారు?" అంటుంది. ఆ రాత్రీ అదే అంది.

"ఎవరూ పోలేదు.
తొంభై అయిదులో నువ్వు
గోడకు ఏడు గుళ్లు కొట్టావు" అన్నాను.

చాలాసేపు ఏమీ లేదు.
అటు వైపు గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"తగిలాయా?" అంది.