ముప్పాతిక అక్షరం

మా ఆవిడకు రెండు పీకలండీ.
ఒకటి దేవుడిచ్చింది, జలుబు చేస్తే బొంగురుపోయేది.
రెండోది వాళ్ళ నాన్న ఇచ్చింది,
సన్నాయి కొసన బిగించేది,
దారంతో మెడలో వేలాడుతుంటుంది
పుస్తెల పక్కనే, వాటికంటే కాస్త పైన.

పెళ్ళిచూపులకి నేను డోలు పట్టుకెళ్ళాను.
నేదునూరులో, కొబ్బరి డొక్కలు తడిసి
వాసనేస్తున్న సాయంత్రం
పల్లాలమ్మ కల్యాణి ఎత్తుకుంది.
మొదటి ఆవర్తంలోనే తప్పాను.
మావగారు మీసం చాటున నవ్వి
"తప్పినవాడు వెతుక్కుంటాడు, వీడికే ఇచ్చేద్దాం" అన్నారు.

ఇరవై రెండేళ్ళు.
ఆడది సన్నాయేంటి, దాని వెనక మొగుడి డోలేంటి అని
మొదట్లో గొణిగినోళ్ళే
తరవాత్తరవాత మా ఖాళీ చూసుకుని
లగ్నాలు పెట్టించుకున్నారు.
పప్పుచారులో ఉప్పు దగ్గర పోట్లాడుకుని
ఒక్క మాట లేకుండా ఆటో ఎక్కి, పంటు దాటి,
పందిట్లో ఒకే చాప మీద
చెరోవైపు మొహం పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.
పంతులుగారు చెయ్యెత్తగానే
నా పుల్ల ఆవిడ బుగ్గని చూసేది.
బుగ్గ నిండితే నేను మోగాలి.
అంతే. ఉప్పు సంగతి అక్కడితో సరి.

ముసురు పట్టిందంటే డోలు మొండికేస్తుంది.
తోలు తడి పీల్చి బాలింత పొట్టలా జారిపోతుంది.
ఆవిడే కుంపటి ముందు కూర్చుని కాచేది,
వేలితో కొట్టి, చెవి వంచి,
"ఇంకా నిద్ర లేవలేదిది" అనేది.
నా వేళ్ళ తొడుగులకి మైదా ఉడకేసి గుడ్డ చుట్టేదీ ఆవిడే.
కచేరీ అయిన రాత్రి
ఆవిడ పెదాలకి నేను వెన్న రాసేవాణ్ణి.
ఇది ఎవరికీ చెప్పకండి.

మొన్న శ్రావణంలో ఆయాసం.
అమలాపురం డాక్టరు ఎక్సరే వెలుతురుకెత్తి చూసి
మూడు నెలలు ఊదొద్దన్నాడు.
"తిరనాళ్ళ బూర కూడానా?" అని అడిగింది.
ఆయన నవ్వలేదు.

ఒప్పుకున్న పెళ్ళి ఒకటుంది, రామచంద్రపురంలో.
అడ్వాన్సు మందులకైపోయింది.
కోటిపల్లి రేవుకి నేనొక్కణ్ణే దాటాను.
పంటు మీద నా పక్కన డోలు,
డోలు పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ,
ఎవడో మోటారు సైకిలు తెచ్చి అందులో నిలబెట్టాడు.

సన్నాయికి గణపవరం కుర్రాడొచ్చాడు, దేముడుబాబు.
బంగారంలాంటి ఊపిరి,
గోదారి ఈ గట్టున మొదలెడితే ఆ గట్టున ఆపుతాడు.
తప్పు వాడిది కాదు.
పల్లవి మూడోసారి తిరిగేచోట
నా చెయ్యి ఆగింది.
గాల్లో. ముప్పాతిక అక్షరం.
కుర్రాడు కన్ను తిప్పి చూశాడు,
తాళం వేసే మా బావమరిది చూశాడు,
పెళ్ళికొడుకు మాత్రం ఏం చూళ్ళేదు, పాపం,
చెమటలో ఉన్నాడు.

రాత్రి నేనొచ్చేసరికి ఆవిడ నిద్రపోలేదు.
బావమరిది పంపిన వీడియో
తలగడ పక్కన వెలుగుతోంది.
"ఎక్కడ తప్పావో తెలుసా?" అంది.
డోలు గోడకానించి
తొడుగులు ఒక్కోటీ ఊడదీస్తూ ఊరుకున్నాను.
"అక్కడ నేను ఊపిరి తీసుకుంటాను.
ఆ ఖాళీ పాటలోనే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ.
పాటలో లేదు.
నువ్వు పెట్టావు."

కిటికీ అవతల లాకుల దగ్గర
కాలవ గుర్రు పెడుతోంది.
మెడలో దారం లాగి
పీక పెదాల మధ్య పెట్టుకుంది, సన్నాయి లేకుండానే.
వద్దన్నాను. డాక్టరన్నాను.
బాతుపిల్ల అరిచినట్టు ఒక కీచు,
వెంటనే దగ్గు.

ఆ దగ్గు తగ్గేదాకా
మంచం పట్టె మీద వేలు ఎత్తి పట్టుకుని ఆగాను.
ఎన్ని అక్షరాలో
లెక్కపెట్టలేదు.